పోని డిస్కు లేదు

పెళ్లయిన రెండు మూడు నెలలకు ఫొటోగ్రాఫర్ ఆల్బమ్‌తో పాటు ఒక పెన్‌డ్రైవో, అరచేతిలో పట్టే హార్డ్ డిస్కో తెచ్చి ఇస్తాడు. స్నాతకం మొదలు అప్పగింతల దాకా, ఇప్పుడు లేని తాతయ్య అక్షింతలు వేస్తున్న దృశ్యంతో సహా, అన్నీ అందులోనే ఉంటాయి. టీవీకి తగిలించి ఇంటిల్లిపాదీ ఒకసారి చూస్తారు. తర్వాత అది బీరువాలో నగలపెట్టె పక్కకు చేరుతుంది. ఆరేడేళ్ల తర్వాత తీసి కంప్యూటర్‌కు పెడితే ఫోల్డర్ తెరుచుకోదు, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. స్టూడియోకు ఫోన్ చేస్తే, కొత్త పెళ్లిళ్లకు చోటు చాలక పాతవి ఎప్పుడో తీసేశామంటారు. ఇలా జరిగిన ఇల్లు మీ ఎరికలో ఒకటైనా ఉండే ఉంటుంది.

డేటా దాచే వస్తువు కొనేటప్పుడు మనం అడిగేవి రెండే: ఎన్ని టీబీ, ఎంత ధర. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఇంతే. వీటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఇది ఎలా పోతుంది? స్టోరేజ్ పరికరం ఏదైనా ఒక రోజు పోయేదే. హార్డ్ డిస్కు ఒక రకంగా పోతుంది, ఎస్‌ఎస్‌డీ మరో రకంగా, మెమరీ కార్డు ఇంకో రకంగా, క్లౌడ్ ఖాతా వేరే రకంగా. ఏది ఏ కారణంతో పోతుందో తెలిస్తే, ఒకే దెబ్బకు రెండూ పోని జతను ఎంచుకోవచ్చు. ఇంటి వాడకం విషయంలో నేను గట్టిగా నమ్మేది ఇదే.

తిరిగే పళ్లెం

1956లో ఐబీఎం సంస్థ రామాక్ అనే కంప్యూటర్‌తో పాటు మొట్టమొదటి డిస్కు నిల్వను మార్కెట్లోకి తెచ్చింది. 24 అంగుళాల వెడల్పున్న పళ్లేలు 50, బరువు టన్ను దాకా, అందులో పట్టినవి సుమారు 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఫోన్‌తో తీసే ఒక మంచి ఫొటో దాదాపు అంత ఉంటుంది. పరిమాణం ఎంత కుదించుకుపోయినా మూలసూత్రం అప్పటిదే. అయస్కాంత పూత ఉన్న పళ్లెం తిరుగుతుంటుంది, దాని మీదుగా ఒక చేయి అటూ ఇటూ కదులుతుంది, చేతి చివర ఉన్న హెడ్డు పూతలోని అతి చిన్న మచ్చల అయస్కాంత దిశను మారుస్తుంది, లేదా చదువుతుంది. ఆ దిశల మార్పులే మన ఫొటోలు, పాటలు, పట్టాదారు పాసుపుస్తకాల స్కాన్‌లు.

మచ్చలు చిన్నవయ్యేకొద్దీ వాటి నుంచి వచ్చే అయస్కాంత సంకేతం బలహీనమవుతుంది. ఈ చిక్కును విప్పింది ఒక ప్రయోగశాల ఆవిష్కరణ. 1988లో ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ ఫెర్ట్, జర్మనీలో పీటర్ గ్రూన్‌బర్గ్ ఎవరికి వారుగా ఒక సంగతి గమనించారు. నానోమీటర్ల మందంలో లోహపు పొరలను ఒకదానిపై ఒకటి పేర్చితే, చాలా స్వల్పమైన అయస్కాంత క్షేత్రానికి కూడా వాటి విద్యుత్ నిరోధం బాగా మారుతుంది. 1997కల్లా ఈ సూత్రంతో చేసిన హెడ్లు డిస్కుల్లోకి వచ్చాయి. ఆ తర్వాతే గిగాబైట్ల లెక్క టెరాబైట్లకు ఎక్కింది. 2007లో ఇద్దరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఇక ఇది పోయే తీరు చూద్దాం. పోర్టబుల్ డిస్కులో పళ్లెం సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. రెండున్నర అంగుళాల డిస్కులో పళ్లెం అంచు వేగం లెక్కిస్తే గంటకు 65 కిలోమీటర్ల పైమాటే. ఆ వేగంలో హెడ్డు పళ్లేన్ని తాకకుండా, కొద్ది నానోమీటర్ల ఎత్తున గాలి మీద తేలుతుంది. మన తల వెంట్రుక మందం మామూలుగా యాభై వేల నానోమీటర్లకు పైనే ఉంటుందని గుర్తుచేసుకుంటే ఆ సందు ఎంత ఇరుకో తెలుస్తుంది. డిస్కు తిరుగుతుండగా బల్ల మీద నుంచి జారినా, కేబుల్ కాలికి తగిలి కింద పడినా హెడ్డు పళ్లేన్ని గీరేస్తుంది. పూత లేచిన చోట ఉన్న డేటా ఇక తిరిగి రాదు. ఆపేసిన డిస్కులో హెడ్లు పళ్లెం మీద ఉండవు, పక్కకు తప్పుకుని ఉంటాయి. అందుకే ఆగి ఉన్న డిస్కు ఇంతకంటే పెద్ద దెబ్బనే తట్టుకుంటుంది. పని చేస్తున్న డిస్కును పట్టుకుని ఈ గదిలోంచి ఆ గదిలోకి నడవకూడదనేది ఇందుకే.

కరెంటు పోతే ఏమవుతుందని చాలామంది భయపడతారు. హెడ్ల విషయంలో అంత భయం అక్కర్లేదు. కరెంటు ఆగిన క్షణంలో, ఇంకా తిరుగుతున్న మోటారే కాస్త విద్యుత్తు పుట్టించి హెడ్లను పక్కకు లాగేసుకునే ఏర్పాటు లోపలే ఉంటుంది. నష్టం ఆ సమయంలో రాస్తున్న ఫైలుకు, ఒక్కోసారి ఫైళ్ల పట్టికకు. కాపీ చేసే పని ఇన్వర్టర్ ఉన్న చోటో, చార్జింగ్ నిండుగా ఉన్న ల్యాప్‌టాప్‌లోనో పెట్టుకోవాలి.

హార్డ్ డిస్కుకు ఒక మంచి గుణం ఉంది: చాలాసార్లు చెప్పి పోతుంది. కాపీ నెమ్మదిస్తుంది, టక్‌టక్ మని శబ్దం వస్తుంది, కొన్ని ఫైళ్లు తెరుచుకోవు. డిస్కు తన ఆరోగ్యాన్ని తనే నమోదు చేసుకునే స్మార్ట్ అనే వ్యవస్థ కూడా ఉంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో వంటి ఉచిత ప్రోగ్రాంలో రెండు అంకెలు చూస్తే చాలు: పాడై పక్కన పెట్టిన సెక్టార్లు ఎన్ని, అనుమానంలో ఉన్న సెక్టార్లు ఎన్ని. రెండూ సున్నా ఉండాలి. పెరుగుతున్నాయంటే ఆ డిస్కులోని డేటాను వేరేచోటికి ఎత్తే పని ఆ రోజే చేయాలి. శబ్దం మొదలయ్యాక మాత్రం మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకూడదు. గీరుకున్న పళ్లెం తిరిగిన ప్రతి చుట్టుకూ పోయేది పెరుగుతుంది. డేటా రికవరీ చేసేవాళ్లు డిస్కు ధరకు ఎన్నో రెట్లు అడుగుతారు, అదీ వస్తుందన్న హామీ లేకుండా.

అమెరికాకు చెందిన బ్యాక్‌బ్లేజ్ అనే క్లౌడ్ సంస్థ తన దగ్గర నడిచే లక్షల డిస్కుల్లో ఏవి ఎన్ని పాడయ్యాయో 2013 నుంచి బహిరంగంగా లెక్కలు ప్రచురిస్తోంది. మొత్తం మీద ఏడాదికి వందకు ఒకటి రెండు పోతున్నాయి. చిన్న అంకెలాగే కనిపిస్తుంది. అవి చల్లని గదుల్లో, కదలకుండా, నికరమైన కరెంటుతో నడిచే డిస్కులని మరిచిపోవద్దు. ఆ పరిస్థితుల్లో కూడా పదేళ్లకు లెక్కవేస్తే వందలో పది పదిహేను పోయినట్టు.

కొనేటప్పుడు అట్ట మీద కనిపించని ఒక తేడా కూడా ఉంది. చోటు పెంచడానికి కొన్ని డిస్కుల్లో రాత వరుసలను ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీదికి ఒకటి వచ్చేలా పరుస్తారు. దీన్ని ఎస్‌ఎంఆర్ అంటారు. వరుసలు విడివిడిగా ఉండేది సీఎంఆర్. కింది పెంకు మార్చాలంటే పైవాటిని కదపాల్సిందే కదా, ఇక్కడా ఒక చిన్న మార్పుకు పక్క వరుసలన్నీ తిరగరాయాలి. ఒకసారి నింపి పక్కన పెట్టే బ్యాకప్ డిస్కుకు దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు, ధర కూడా తగ్గుతుంది. రోజూ రాసీ చెరిపే పనికి, ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి అందరూ వాడుకునే నాస్ పెట్టెల్లో పెట్టడానికి మాత్రం ఇది పనికిరాదు. నాస్ కోసమని అమ్మిన వెస్ట్రన్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్ రకమని, ఆ సంగతి కొన్నవాళ్లకు చెప్పలేదని 2020లో బయటపడి పెద్ద గొడవైంది. ఆ తర్వాత ఆ కంపెనీ సీఎంఆర్ డిస్కులకు వేరే పేరు పెట్టింది. ఇవాళ అమ్మే పోర్టబుల్ డిస్కుల్లో చాలావరకు ఎస్‌ఎంఆరే.

చిక్కుకున్న ఎలక్ట్రాన్లు

పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఎస్‌ఎస్‌డీ, ఫోన్ లోపలి స్టోరేజ్ పైకి వేర్వేరుగా కనిపించినా లోపల ఉన్నది ఒకే జాతి, ఫ్లాష్ మెమరీ. దాని పునాది 1967లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ వేశారు. ట్రాన్సిస్టర్ మధ్యలో, నలువైపులా విద్యుత్ బంధకం కప్పిన ఒక చిన్న గదిని ఉంచి, అందులోకి ఎలక్ట్రాన్లను తోసి బంధించవచ్చని వాళ్లు చూపించారు. జపాన్‌లోని తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980లలో ఆ గదులను వేలు, లక్షల సంఖ్యలో చవకగా పేర్చే పద్ధతులు కనిపెట్టాడు. ఇప్పుడు మన జేబుల్లో ఉన్న నాండ్ రకాన్ని ఆయన బృందం ప్రకటించింది 1987లో. అప్పటికి తోషిబా దాన్ని అంతగా పట్టించుకోలేదు.

ఎలక్ట్రాన్లు ఆ గదిలో ఉన్నాయా లేదా అన్నదే డేటా. కరెంటు తీసేసినా అవి అక్కడే ఉంటాయి, గోడ దాటి బయటికి రాలేవు. మరి లోపలికి ఎలా వెళ్లాయి? రాసేటప్పుడు ఇరవై వోల్టుల వరకు వోల్టేజీ పెట్టి, ఆ పల్చని బంధకం గుండా క్వాంటం టన్నెలింగ్ అనే ప్రక్రియ ద్వారా వాటిని దాటిస్తారు. చెరిపేటప్పుడు ఎదురు దిశలో లాగుతారు. దాటిన ప్రతిసారీ గోడ కొంచెం దెబ్బతింటుంది. కొన్ని వందల నుంచి కొన్ని వేల సార్లు రాసి చెరిపాక గోడ ఎలక్ట్రాన్లను పట్టి ఉంచలేదు. ఫ్లాష్‌కు ఆయుష్షు ఉంటుందనడానికి కారణం ఈ అరుగుదలే.

చోటు పెంచడానికి ఇక్కడ వాడిన ఉపాయం వేరు. మొదట ఒక గదికి ఒక బిట్ ఉండేది, అంటే ఎలక్ట్రాన్లు ఉన్నాయి, లేవు అనే రెండు స్థితులు. దాన్ని ఎస్‌ఎల్‌సీ అన్నారు. ఇప్పటి టీఎల్‌సీలో గదికి మూడు బిట్లు, వాటికి ఎనిమిది వోల్టేజీ మెట్లు కావాలి. క్యూఎల్‌సీలో నాలుగు బిట్లు, పదహారు మెట్లు. మెట్లు దగ్గరయ్యేకొద్దీ నాలుగు ఎలక్ట్రాన్లు అటూ ఇటూ అయినా ఒక మెట్టు మరో మెట్టుగా చదివే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఎస్‌ఎల్‌సీ లక్ష సార్ల దాకా రాయనిస్తే, టీఎల్‌సీ వేయి నుంచి మూడు వేలు, క్యూఎల్‌సీ వేయి లోపు అనేది ఉజ్జాయింపు లెక్క. చవగ్గా దొరికే ఎస్‌ఎస్‌డీ ఎక్కువగా క్యూఎల్‌సీ అయి ఉంటుంది.

దీనికి కంగారు పడనక్కర్లేదు. 1 టీబీ టీఎల్‌సీ ఎస్‌ఎస్‌డీకి కంపెనీలు తరచూ 600 టీబీల రాత దాకా వారంటీ ఇస్తాయి. స్పెసిఫికేషన్‌లో టీబీడబ్ల్యూ అని ఉంటుంది. రోజుకు 50 జీబీ రాసినా అంత రాయడానికి ముప్పై ఏళ్లు పైనే పడుతుంది. మామూలు ఇంట్లో రోజుకు అంత రాయనే రాయరు. ఎస్‌ఎస్‌డీ అరిగి పోవడం అరుదు. ఎక్కువగా పోయేది దాన్ని నడిపే కంట్రోలర్ చిప్పో, అందులోని ఫర్మ్‌వేరో. అది పోయే తీరు హార్డ్ డిస్కులా ఉండదు. నిన్న రాత్రి బాగా పనిచేస్తుంది, పొద్దున కంప్యూటర్‌కు కనిపించదు. ముందు శబ్దం ఉండదు, నెమ్మదించడం ఉండదు. గదుల్లో ఎలక్ట్రాన్లు భద్రంగానే ఉన్నా ఏ గదిలో ఏముందో చెప్పే పట్టిక కంట్రోలర్ దగ్గరే ఉంటుంది కాబట్టి బయటికి తీయడం చాలా కష్టం.

ఇంకో బలహీనత మన వేసవితో ముడిపడి ఉంది. కరెంటు లేకుండా పక్కన పెట్టిన ఫ్లాష్‌లో ఎలక్ట్రాన్లు చాలా నెమ్మదిగా కారిపోతాయి. వేడి పెరిగితే అవి కారే వేగమూ పెరుగుతుంది. మెమరీ పరిశ్రమకు ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ ఇంటి వాడకపు ఎస్‌ఎస్‌డీలకు పెట్టిన కనీస షరతు ఇది: వారంటీలో చెప్పినంత రాత పూర్తయి అరిగిపోయిన ఎస్‌ఎస్‌డీ కూడా కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది డేటాను నిలపాలి. కొత్తది ఇంతకంటే చాలా ఎక్కువ కాలమే నిలుపుతుంది. కానీ రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో గదిలో 30 డిగ్రీలు అనేది ఏసీ ఉంటేనే సాధ్యం. సజ్జ మీద అట్టపెట్టెలో పడేసి పదేళ్ల తర్వాత తీయడానికి ఎస్‌ఎస్‌డీ, పెన్‌డ్రైవ్ రెండూ తగవు. ఫ్లాష్‌లో దాచినదాన్ని కనీసం ఆరు నెలలకోసారైనా కరెంటుకు తగిలించి, కాసేపు ఉంచి, ఫైళ్లు తెరిచి చూడాలి.

హార్డ్ డిస్కులోని అయస్కాంత రాత కరెంటు లేకున్నా ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆ విషయంలో అది మెరుగు. దానికీ వేడి గిట్టదు. పేరున్న కొన్ని పోర్టబుల్ డిస్కులకు కంపెనీ చెప్పే పని ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలే. ఎండాకాలం మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, మంచం మీద పరుపులో కూరుకుపోయిన డిస్కులోకి 500 జీబీ కాపీ పెట్టడం దానికి శిక్ష. ఆ పని తెల్లవారుజామున, గట్టి బల్ల మీద చేసుకోవచ్చు.

పెన్‌డ్రైవ్ మోయడానికే

ఫ్లాష్ చిప్పుల్లో మేలురకం ఎస్‌ఎస్‌డీలకూ ఫోన్లకూ వెళుతుంది. చవక పెన్‌డ్రైవ్‌లలోకి చేరేది చాలాసార్లు కింది తరగతి. అందులోని కంట్రోలర్ కూడా అతి సాదాది, అరుగుదలను అన్ని గదులకూ సమంగా పంచే నేర్పు దానికి తక్కువ. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పెన్‌డ్రైవ్ ఒక చోటి నుంచి మరో చోటికి ఫైలు మోయడానికి ఉన్న వస్తువు. దాచుకోవడానికి దాన్ని నమ్మకూడదు. పెళ్లి వీడియోను పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారంటే, తెచ్చిన రోజే వేరే రెండు చోట్లకు కాపీ చేయాలి.

నకిలీల బెడద కూడా దీనికే ఎక్కువ. 2 టీబీ పెన్‌డ్రైవ్ కొన్ని వందల రూపాయలకే అని ఆన్‌లైన్‌లో కనిపిస్తే అందులో ఉన్నది 16 జీబీయో 32 జీబీయో చిప్పు అయి ఉంటుంది. కంప్యూటర్ అడిగినప్పుడు 2 టీబీ అని చెప్పేలా కంట్రోలర్‌ను మార్చి అమ్ముతారు. కాపీ అవుతున్నట్టే ఉంటుంది, ఫైళ్ల పేర్లూ కనిపిస్తాయి. చిప్పు నిండాక రాసేదంతా గాల్లో కలుస్తుంది, లేదా పాత ఫైళ్ల మీదే పడుతుంది. తెరిచినప్పుడు గానీ మోసం తెలియదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు మొత్తం చోటు నిండా రాసి, తిరిగి చదివి నిజం చెబుతాయి. కొత్త కార్డు, కొత్త పెన్‌డ్రైవ్ ఏది కొన్నా ముందు ఈ పరీక్ష చేసి, తప్పితే వెనక్కి పంపే గడువు లోపే పంపేయాలి.

1 టీబీ అని కొన్నది కంప్యూటర్‌లో 931 జీబీ అని కనిపిస్తే మాత్రం అది మోసం కాదు. కంపెనీ వెయ్యేసి చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తుంది. బైట్లు అవే.

మెమరీ కార్డుల మీది గుర్తుల్లో వీ30 అంటే సెకనుకు కనీసం 30 ఎంబీ ఆగకుండా రాయగలదని. 4కే వీడియో తీసే కెమెరాకు అది చాలు. సీసీ కెమెరాలోనో కారు డాష్‌క్యామ్‌లోనో పెట్టే కార్డు పగలూ రాత్రీ రాస్తూనే ఉంటుంది, కాబట్టి అక్కడ హై ఎండ్యూరెన్స్ రకమే కొనాలి. డీవీఆర్ పెట్టెకు కూడా నిఘా కెమెరాల కోసం ప్రత్యేకంగా చేసిన హార్డ్ డిస్కులు వేరుగా దొరుకుతాయి.

ఫోన్ గురించి ఒక హెచ్చరిక. ఫోన్‌లోని ఫ్లాష్ చిప్పు మదర్‌బోర్డుకు అతికి ఉంటుంది, డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దాని తాళం ఆ ఫోన్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. దొంగ చేతిలో పడినప్పుడు ఇది రక్ష. ఫోన్ నీళ్లలో పడి బోర్డు చచ్చిపోతే మాత్రం చిప్పును ఊడదీసి చదివినా అర్థం లేని అంకెలే వస్తాయి. పిల్లల మొదటి అడుగులన్నీ ఒక్క ఫోన్‌లోనే ఉన్న ఇళ్లు ఎన్నో. అన్నిటికంటే పెద్ద ప్రమాదంలో ఉన్నది ఆ డేటానే.

వేగం గురించి ప్రకటనలు ఊదరగొడతాయి గానీ, దాచుకోవడానికి అది అంత ముఖ్యం కాదు. తెలుసుకోవాల్సింది కేబుల్ సంగతి. టైప్-సీ కొక్కెం ఉన్నంత మాత్రాన వేగం రాదు. చార్జర్‌తో వచ్చే చాలా కేబుళ్లు యూఎస్‌బీ 2.0 వేగానివే. వాటితో 1 టీబీ కాపీకి ఎనిమిది గంటలు పట్టవచ్చు. సరైన కేబుల్‌తో మామూలు పోర్టబుల్ హార్డ్ డిస్కుకు రెండు గంటల పైచిలుకు, మంచి ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీకి అర్ధగంట లోపు. ఎస్‌ఎస్‌డీ అవసరమైనది కంప్యూటర్ లోపల. పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్కు తీసి సాటా ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఆ మార్పు ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది, ఖర్చు కూడా అంత ఎక్కువ కాదు.

ఇంట్లో ఒకటి, ఊళ్లో ఒకటి

1998లో పిక్సార్ స్టూడియోలో టాయ్ స్టోరీ 2 తయారవుతుండగా ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక కమాండ్‌తో సినిమా ఫైళ్లు వరసగా చెరిగిపోవడం మొదలైంది. బ్యాకప్ ఉందిగా అని చూస్తే, అది కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదు. ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. సాంకేతిక పర్యవేక్షకురాలు గాలిన్ సుస్‌మన్ బాలింతగా ఇంటి నుంచి పనిచేయడానికి ఒక కాపీ ఇంటి కంప్యూటర్‌లో ఉంచుకుంది. సినిమాను ఆ కాపీయే కాపాడింది. బ్యాకప్ తీసుకోవడమే కాదు, దాన్ని తెరిచి చూడాలి. ఒక కాపీ వేరే కప్పు కింద ఉండాలి. ఈ రెండూ ఆ ఒక్క ఉదంతంలోనే ఉన్నాయి.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ఫొటోలు దాచుకునేవాళ్ల కోసం 2005లో రాసిన పుస్తకం ద్వారా ఒక సూత్రం ప్రచారంలోకి వచ్చింది. మూడు కాపీలు ఉండాలి, అవి రెండు రకాల పరికరాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. 3-2-1 అంటారు. ఇందులో రెండు రకాలు అన్న మాట నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. ఒకే దుకాణంలో, ఒకే రోజు, ఒకే మోడల్ డిస్కులు రెండు కొని రెండిట్లోనూ నింపితే, ఫ్యాక్టరీలో ఒక లోపం ఉంటే అది రెండిట్లోనూ ఉంటుంది, రెండూ దగ్గర దగ్గరగా పోతాయి. ఒకటి హార్డ్ డిస్కు, ఇంకొకటి ఎస్‌ఎస్‌డీయో క్లౌడో అయితే, కింద పడే దెబ్బ హార్డ్ డిస్కుకు, కరెంటు లేని కాలపు దెబ్బ ఎస్‌ఎస్‌డీకి.

వేరే చోట ఎందుకో మన ప్రాంతం వాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కింది అంతస్తు బీరువాలో మూడు డిస్కులుంటే మూడూ నీళ్లలోనే. వేరే చోట అంటే బ్యాంకు లాకరే కానక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఒక డిస్కును ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉంచి, సంక్రాంతికి వెళ్లినప్పుడు కొత్త ఫొటోలు చేర్చి రావచ్చు. అమెరికాలో ఉన్న కొడుకు డిస్కులో ఇక్కడి ఫొటోలు, ఇక్కడి డిస్కులో వాళ్లవి ఉంచుకోవచ్చు.

డిస్కును ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉంచడం మంచిది కాదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్‌సమ్‌వేర్ ప్రపంచమంతా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అలాంటివి వస్తే తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కుకు కూడా తాళం పడుతుంది. నాస్ పెట్టెలో రెండు డిస్కులు ఒకదాని నకలుగా ఒకటి నడిచే రెయిడ్ ఏర్పాటు ఉందని కొందరు ధీమాగా ఉంటారు. ఒక డిస్కు పోతే అది ఆదుకుంటుంది. మీరు పొరపాటున చెరిపితే అదే క్షణంలో రెండో దాంట్లోనూ చెరుగుతుంది.

క్లౌడ్‌కు కూడా ఈ బెడద ఉంది. గూగుల్ ఫొటోస్‌కు కలిపి ఉన్న ఫోన్‌లో ఒక ఫొటో చెరిపితే క్లౌడ్‌లోనూ పోతుంది. ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది, ఆ తర్వాత దొరకదు. అపరిమితంగా ఉచితమన్న ఏర్పాటును గూగుల్ 2021 జూన్ 1తో ఆపేసింది. ఇప్పుడు మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి 15 జీబీ. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాలను తొలగించే విధానం 2023 చివర నుంచి అమల్లోకి వచ్చింది. ఇంట్లో ఒక పెద్దాయన పోతే, ఆయన ఫోన్ పక్కన పెట్టేసిన రెండేళ్లకు ఆయన ఫొటోలు కూడా పోవచ్చన్న మాట. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే ఏర్పాటు ఉంది. ఇంతకాలం వాడకపోతే ఫలానావారికి నా డేటా అందించు అని ముందే రాసి పెట్టవచ్చు. అమ్మానాన్నల ఫోన్లలో ఇది ఈ వారమే పెట్టించండి. ఇన్ని లోపాలున్నా, వరదకూ దొంగతనానికీ అందని కాపీగా క్లౌడ్‌ను మించింది లేదు. పూర్తిగా దాని మీదే ఆధారపడటాన్నే నేను ఒప్పుకోను.

పరికరం బాగున్నా లోపలిది చదవలేని పరిస్థితి ఒకటి ఉంది. తిరుమల ఆలయంలో శతాబ్దాల పాటు ఒక అరలో ఉండిపోయిన తాళ్లపాక కవుల కీర్తనల రాగిరేకులు ఇరవయ్యో శతాబ్దంలో బయటికి వచ్చినప్పుడు వాటి మీది అక్షరాలు చదవగలిగేలానే ఉన్నాయి. కీర్తనకు రాగం పేరు ఉంది, స్వరం లేదు. సాహిత్యం దక్కింది, అప్పటి బాణీలు దక్కలేదు. మన తరంలో దీనికి సాటి నష్టం ‘అను’ అనే పాత ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉండిపోయిన తెలుగు. పాతికేళ్ల కిందటి కథలు, సావనీర్లు, వంశవృక్షాలు ఎన్నో అలా ఉన్నాయి. ఫైలు ఉంటుంది, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. అవి మీ దగ్గర ఉంటే యూనికోడ్‌కు మార్చి, పక్కనే ఒక పీడీఎఫ్ కూడా ఉంచండి. పెళ్లి సీడీలు, డీవీడీలు ఉంటే వాటి పని ఇంకా తొందరగా చూడాలి. ఇంట్లో రాసిన డిస్కుల్లో డేటాను పట్టుకుని ఉండేది ఒక రంగు పూత. ఉక్కకూ వేడికీ అది పాడవుతుంది. చదివే డ్రైవ్ ఉన్న కంప్యూటర్లు కూడా ఇప్పుడు అరుదు.

ఇంతకీ ఏం కొనాలని అడిగితే, మామూలు కుటుంబానికి నా సలహా ఇది. కంప్యూటర్ లోపల టీఎల్‌సీ ఎస్‌ఎస్‌డీ, 500 జీబీ నుంచి 1 టీబీ. దాచుకోవడానికి 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్కు. కాపీ అయ్యి డిస్కు తిరగడం ఆగాక తీసి బీరువాలో కింది అరలో కాకుండా పై అరలో, సిలికా జెల్ పొట్లంతో కలిపి మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. మూడో కాపీకి, తప్పకుండా ఉండాల్సిన ఫొటోలు, పత్రాలు మాత్రం క్లౌడ్‌లోకి. ఉచితంగా వచ్చే చోటు చాలకపోతే చందా కట్టడం దండగ కాదు. ఇంటర్‌నెట్ అంతంతమాత్రంగా ఉన్న చోట క్లౌడ్‌కు బదులు వేరే కంపెనీ డిస్కు ఒకటి బంధువుల ఇంట్లో. ఫొటోగ్రఫీ వృత్తిలో ఉన్నవాళ్లకు, వేల గంటల వీడియో ఉన్నవాళ్లకు నాస్ పెట్టె, అందులో సీఎంఆర్ డిస్కులు, దానికి వేరే బ్యాకప్. మిగతావాళ్లకు నాస్ అవసరం లేదు. దాన్ని చూసుకునే ఓపిక ఉన్న ఇళ్లు తక్కువ.

డిస్కు మీద కొన్న నెల, ఏడాది రాసిన చీటీ అతికించండి. ఐదేళ్లు దాటితే, బాగానే పనిచేస్తున్నా, కొత్తది కొని అందులోకి కాపీ చేసి, పాతదాన్ని అదనపు కాపీగా ఉంచుకోండి. డిస్కుకు పాస్‌వర్డ్ పెట్టి ఎన్‌క్రిప్ట్ చేసినట్టయితే ఆ పాస్‌వర్డ్ కాగితం మీద ఇంట్లో ఇంకొకరికి తెలిసిన చోట ఉండాలి.

పాతదాన్ని వదిలించుకునే రోజు వచ్చినప్పుడు పాత సామాన్ల బండికి అలాగే వేయకండి. మామూలుగా డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ చేసినా హార్డ్ డిస్కులో రాత అలాగే ఉంటుంది. ఉచిత రికవరీ ప్రోగ్రాములతో ఎవరైనా ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు బయటికి తీయగలరు. హార్డ్ డిస్కు అయితే మొత్తం చోటు నిండా ఒకసారి తిరగరాస్తే సరిపోతుంది. విండోస్‌లో క్విక్ అన్న గుర్తు తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే ఆ పని అవుతుంది. ఎస్‌ఎస్‌డీలో అలా తిరగరాయడం నమ్మదగింది కాదు, ఎందుకంటే అరుగుదల పంచడానికి కంట్రోలర్ కొన్ని గదులను కంప్యూటర్‌కు చూపించకుండా దాచి ఉంచుతుంది. దానికి తయారీ కంపెనీ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ ప్రోగ్రాం వాడాలి, లేదా కొన్న మొదటి రోజు నుంచే ఎన్‌క్రిప్ట్ చేసి వాడుకోవాలి. ఇక పనిచేయకుండా చచ్చిపోయిన హార్డ్ డిస్కు అయితే మరలు విప్పి పళ్లేలను గీకి, లేదా డ్రిల్లింగ్ మిషన్‌తో రంధ్రాలు వేసి, అప్పుడు ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి. రెండున్నర అంగుళాల డిస్కుల్లో కొన్నిటి పళ్లేలు గాజువి. కళ్లకు అద్దాలు పెట్టుకునే ఆ పని చేయాలి.